తేదీల పుస్తకం: సాహిత్య చరిత్రతో రోజూ రాసే అలవాటు చేసుకోవడం ఎలా?

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి, సెప్టెంబరు 9 వస్తే కాళోజీ, సెప్టెంబరు 21 వస్తే గురజాడ. పటానికి దండ, వేదిక మీద నాలుగు ప్రసంగాలు, మర్నాడు పత్రికలో చిన్న వార్త. సాహిత్య చరిత్ర మనలో చాలామందికి జయంతులు, వర్ధంతుల రూపంలోనే అందుతోంది. పాఠకులకు అది సరిపోవచ్చు. రాసేవాళ్లకు చాలదు. గురజాడ ఏ రోజున పుట్టారో తెలిసినంత మాత్రాన మన వాక్యం బాగుపడదు. ఆడి, అచ్చై, మెప్పు పొందిన 'కన్యాశుల్కం' నాటకాన్ని ఆయన ఏళ్ల తర్వాత మళ్లీ ముందేసుకుని ఎందుకు తిరగరాశారో ఆలోచిస్తే బాగుపడుతుంది.

ఇక్కడ చెప్పబోయే తేదీల పుస్తకంలో పుట్టినరోజులూ ఉంటాయి, పోయిన రోజులూ ఉంటాయి. పెద్దపీట మాత్రం రచయితలు పనిచేసిన రోజులకే. పద్యం పుట్టిన రోజు, నాటకం ఆడిన రోజు, పత్రిక తొలి సంచిక వెలువడిన రోజు, జైల్లో కాగితం దొరకని రోజు. ప్రతి పేజీ చివర మీరు కొంత రాసి తీరాలి. రోజుకు అరగంట కేటాయించగలిగితే చాలు.

మొదటి అడుగు: పుస్తకం సిద్ధం చేసుకోవడం

అంగట్లో దొరికే డైరీ పనికిరాదు. అందులో సంవత్సరం, వారం ముందే అచ్చువేసి ఉంటాయి కాబట్టి ఏడాది తిరగగానే అది పాతబడుతుంది. 400 పేజీల పెద్ద నోటుపుస్తకం తీసుకోండి. ఫిబ్రవరి 29ని కూడా కలుపుకొని 366 పేజీలకు తేదీ, నెల మాత్రమే శీర్షికగా రాయండి. మిగిలిన పేజీలను చివర్లో ఖాళీగా ఉంచండి, వాటితో పని ఉంది.

ఒక్కో పేజీని అడ్డగీతలతో మూడు భాగాలు చేయండి. పైభాగంలో ఆ రోజు జరిగిన సంగతి, అది మీకు ఎక్కడ దొరికిందన్న వివరం రాయాలి. మధ్యలో ఆ రోజు చదవాల్సిన రచన పేరు. కింది సగం మీది. అక్కడ మీరు రాసే ప్రతి ముక్క పక్కన సంవత్సరం వేయండి. వచ్చే ఏడాది అదే తేదీకి అదే పేజీ తెరిచినప్పుడు నిరుటి మీ రాత కనబడుతుంది. కంప్యూటర్‌లోనూ ఇదంతా చేసుకోవచ్చు, వెతకడం సులువవుతుంది. అయినా పేజీ కింద మిగిలిన తెల్లటి జాగా రాయమని పెట్టే ఒత్తిడి తెర మీద ఉండదని నా నమ్మకం, అందుకే చేతిరాతకే నా ఓటు.

రెండో అడుగు: ముందుగా కొన్ని మైలురాళ్లు

366 పేజీలూ ఒకేసారి నింపాలని కూర్చోవద్దు. అలా కూర్చున్నవాళ్లు రెండు వారాల్లో జాబితా రాసేవాళ్లుగా మిగులుతారు, రచయితలు కారు. మొదట నలభై, యాభై తేదీలు చాలు. మొదలుపెట్టడానికి కొన్ని ఇస్తున్నాను.

ఫిబ్రవరి 2: మచిలీపట్నంలో కృష్ణాపత్రిక ఆరంభం, 1902. ఏప్రిల్ 16: కందుకూరి వీరేశలింగం జననం, 1848. ఏప్రిల్ 23: శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి జననం, 1891. ఈ రోజునే ప్రపంచ పుస్తక దినం కూడా జరుపుకొంటారు. మే 10: గోలకొండ పత్రిక తొలి సంచిక, 1926. మే 18: కొమర్రాజు లక్ష్మణరావు (1877), చలం (1894) ఇద్దరూ పుట్టిన రోజు. జులై 22: దాశరథి కృష్ణమాచార్య జననం, 1925. సెప్టెంబరు 1: హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపన, 1901. సెప్టెంబరు 28: జాషువా జననం, 1895. నవంబరు 10: సి.పి. బ్రౌన్ కలకత్తాలో పుట్టిన రోజు, 1798.

ఒకే పేజీలో ఇద్దరు కలిసిన చోట్లను వదులుకోవద్దు. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టారు (1914). అదే తేదీన, అంతకు ఆరేళ్ల ముందు 1908లో, కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ఆంధ్రపత్రికను మొదలుపెట్టారు. నవంబరు 1న దేవులపల్లి కృష్ణశాస్త్రీ (1897), వట్టికోట ఆళ్వారుస్వామీ (1915) పుట్టారు. ఒకరు భావకవిత్వానికి చిరునామా, మరొకరు ఊరూరా పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన ప్రజల మనిషి. ఆ రోజు ఇద్దరివీ చెరొక పేజీ చదివి, ఒకే సంగతిని, మీ వీధిలో కురిసిన వానే అనుకుందాం, ఇద్దరి కళ్లతోనూ చూసి చెరొక పేరా రాయండి. అనుకరణ అక్కర్లేదు. ఎవరి చూపు ముందుగా దేని మీద వాలుతుందో పట్టుకోగలిగితే చాలు.

అక్టోబరు 18న విశ్వనాథ సత్యనారాయణ (1976), రావూరి భరద్వాజ (2013) కన్నుమూశారు. ఇద్దరూ జ్ఞానపీఠ గ్రహీతలే. ఇలాంటి కలయికలకు లేని అర్థాలు అంటగట్టకండి. ఇద్దరి వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశంగా మాత్రం తీసుకోండి.

మూడో అడుగు: తేదీని నమ్మే ముందు

పాతతరం రచయితల విషయంలో తేదీ దగ్గరే చిక్కు వస్తుంది. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకున్నది తిథి, బడి రిజిస్టరులో ఎక్కింది మరొకటి, పుస్తకం అట్ట మీద ఇంకొకటి. శ్రీశ్రీ పుట్టిన తేదీ మీదే చాలాకాలం వాదన నడిచింది. 1910 ఏప్రిల్ 30ని ఇప్పుడు ఎక్కువమంది పాటిస్తున్నారు. ఇలాంటివాటిని పెన్సిలుతో రాయండి.

తెలుగు సంవత్సరం పేరు దొరికితే లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ప్రభవ 1867లో, 1927లో, 1987లో ఉగాదికి మొదలైంది. అక్కడి నుంచి ముందుకో వెనక్కో లెక్కపెట్టుకోవచ్చు. గురజాడ పుట్టిన 1862 దుందుభి అవుతుంది. ఒక్కచోట మాత్రం తరచూ పొరబాటు జరుగుతుంది. దుందుభి 1863 ఉగాది దాకా సాగుతుంది కాబట్టి, "దుందుభి నామ సంవత్సర మాఘమాసం" అని కనబడితే అది 1862 కాదు, 1863 తొలి నెలల మాట. శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. మాఘ, ఫాల్గుణాలకు 79 కలపాలి. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు మళ్లీ వస్తుంది గనుక, ఆ మనిషి జీవితంలోని మరో సంఘటనతో సరిపోల్చుకుని గానీ సిరాతో రాయవద్దు.

"మొదటి" అనే మాటనూ పెన్సిలుతోనే రాయండి. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'ను తొలి తెలుగు కథగా తరాల తరబడి పాఠంగా చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయిందన్న సంగతి వెలుగులోకి వచ్చాక ఆ మాట నిలవలేదు. అచ్చమాంబ 1905లో, ముప్పై ఏళ్ల వయసుకే వెళ్లిపోయారు. పైన మే 18న చెప్పిన కొమర్రాజు లక్ష్మణరావుకు ఆమె సొంత అక్క. ఇలా ఒక పేజీ నుంచి మరో పేజీకి దారి తెలిసినప్పుడు పక్కన బాణం గుర్తు వేసి తేదీ రాసుకోండి. రెండో ఏడాదికి మీ పుస్తకంలో చుట్టరికాలు, స్నేహాలు, కయ్యాలు అన్నీ కనబడతాయి.

ఎక్కడ వెతకాలంటే: శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం కథల విషయంలో మొట్టమొదట చూడాల్సిన చోటు. ఒక కథ ఏ పత్రికలో, ఎప్పుడు మొదట అచ్చయిందో అక్కడ తేలుతుంది. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం (1918), రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. 1924లో మొదలైన భారతి సంచికలు తిరగేస్తే ఒక్కో నెలకు పది పేజీల సరుకు దొరుకుతుంది.

నాలుగో అడుగు: పని జరిగిన రోజులను పట్టుకోవడం

ఈ పుస్తకానికి ప్రాణం ఇక్కడే ఉంది. మూడు, నాలుగు పేజీలు ఎలా రూపుదిద్దుకుంటాయో కాస్త వివరంగా చెబుతాను.

ఆగస్టు 13. 1892లో ఈ రోజున విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 'కన్యాశుల్కం' నాటకాన్ని మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చింది. ఇప్పుడు మనం చదువుతున్నది ఈ రెండోదే. మొదటిదానికీ దీనికీ మధ్య పెరిగిన నిడివి, మారిన పాత్రలు, మారిన మాటలు చూస్తే ఇది దిద్దుబాటు కాదు, మళ్లీ రాయడమేనని తెలుస్తుంది. తొలి ప్రదర్శన నుంచి లెక్కేస్తే పదిహేడేళ్లు. మెప్పు పొందిన రచనను అంత కాలం తర్వాత విప్పి మళ్లీ అల్లడానికి ఎంత ధైర్యం కావాలో రాసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ పేజీ కింద మీ పని: మీరు రాసినవాటిలో పాతదాన్ని ఒకటి బయటికి తీయండి. నలుగురూ బాగుందన్నదే తీయండి. అందులో ఇద్దరు మాట్లాడుకునే చోటు ఒకటి చూసి, ఇప్పుడు మీకున్న చెవితో ఆ సంభాషణ మళ్లీ రాయండి.

ఏప్రిల్ 12. 'మహాప్రస్థానం' గీతాన్ని శ్రీశ్రీ 1934లో ఈ రోజున రాశారు. ఆ పేరుతో సంపుటి వచ్చింది 1950లో. చలం రాసిన ముందుమాట 1940లోనే సిద్ధమైంది. అంటే ముందుమాటే పదేళ్లు పుస్తకం కోసం ఎదురుచూసింది. అచ్చుకాని రాతప్రతులు పెట్టెలో ఉన్నవాళ్లు ఈ పేజీని తప్పకుండా రాసుకోవాలి. పని: మీ అచ్చుకాని రచనల జాబితా, ఒక్కోదాని పక్కన రాసిన తేదీ. తేదీ లేని రాతప్రతులన్నిటికీ ఈ రోజే తేదీలు వేయండి. శ్రీశ్రీ తన కవితల కింద తేదీలు వేయకపోతే మన ఏప్రిల్ 12 ఖాళీగా ఉండేది.

విశ్వనాథ పేజీ ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 10. 'వేయిపడగలు' నవలను ఆయన 29 రోజుల్లో చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని ప్రసిద్ధి. పదిహేడేళ్ల గురజాడనూ, నెల రోజుల విశ్వనాథనూ పక్కపక్కన పెట్టుకోవడం రాసేవాళ్లకు ఎంతో మేలు. ఏ వేగం సరైనదన్న బెంగ తీరిపోతుంది. ఆ రోజు కలం ముట్టకుండా, ఒక సన్నివేశాన్ని నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేయండి. తర్వాత విని రాసుకోండి. మాట్లాడే వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అప్పుడు వినబడుతుంది.

జులై 22, దాశరథి. నిజామాబాదు జైల్లో ఆయన బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. ఇక్కడి నుంచి నవంబరు 1కి ఒక బాణం. ఈ రోజు పని కాగితం లేకుండానే. నాలుగు పాదాలు మనసులోనే కట్టి, రాత్రి పడుకునే దాకా గుర్తుంచుకుని, మర్నాడు పేజీలో రాయండి. గుర్తుండిపోయినవి ఏవో, జారిపోయినవి ఏవో చూసుకుంటే లయ చేసే మేలు అర్థమవుతుంది.

మే 10న గోలకొండ పత్రిక పేజీలో ఇంకో సంగతి కలపండి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వినబడినప్పుడు ఆ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. మీ ప్రాంతంలో, మీ కులవృత్తిలో, మీ బడిలో "మావాళ్లలో రాసేవాళ్లెవరున్నారు" అనే మాట వినబడుతూ ఉంటుంది. ఆ రోజు పది పేర్లు వెతికి రాయండి.

ఐదో అడుగు: తేదీ లేనివాళ్లకు తిథి, వాతావరణం

నన్నయ పుట్టినరోజు మనకు తెలియదు. పోతన ఏ తేదీన ఘంటం పట్టారో తెలియదు. అంతమాత్రాన వాళ్లను పుస్తకం నుంచి వెళ్లగొట్టలేం. చివర్లో ఖాళీగా ఉంచమన్న పేజీలు వీళ్ల కోసమే.

భాగవతం అవతారికలో, అంటే కావ్యం మొదట్లో కవి రాసుకునే ముందుమాటలో, పోతనే ఒక రాత్రి గురించి చెప్పారు. పున్నమి, చంద్రగ్రహణం. గంగకు వెళ్లి స్నానం చేసి ఇసుకతిన్నె మీద ధ్యానంలో కూర్చుంటే రాముడు కనిపించి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడు. కాబట్టి చంద్రగ్రహణం పట్టిన ప్రతి రాత్రీ పోతన పేజీ. ఆముక్తమాల్యద ఆరంభంలో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళుతూ విజయవాడలో ఆగి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో హరివాసరం నాడు ఉపవాసం ఉంటే, తెల్లవారుజామున ఆంధ్రమహావిష్ణువు కలలోకి వచ్చాడు. హరివాసరమంటే ఏకాదశి. ఏడాదిలో ఒక ఏకాదశిని రాయలకు కేటాయించండి. ఈ రెండు రోజుల్లోనూ పని ఒకటే: ప్రస్తుతం మీరు రాస్తున్న రచనకు అవతారిక. ఎవరు రాయమన్నారు, ఎందుకు ఈ భాషలో, ఎవరికి అంకితం. ఒక్క పేజీ చాలు. అచ్చు వేయాల్సిన అవసరం లేదు, మీ పని మీకు తెలియడానికే.

నన్నయ చివరి పద్యంగా పెద్దలు చెప్పుకునేది శరత్కాల రాత్రుల వర్ణన. దాన్ని ఆశ్వయుజంలో, వాన వెలిసిన రాత్రి ఆరుబయట నిలబడి పైకి చదవాలి. అచ్చమాంబ 'ధనత్రయోదశి' దీపావళి ముందు వచ్చే ఆ పండుగ నాటి కథే కనుక దానికి ఆ తిథే సరి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' తీయండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న కథ అది.

ఆరో అడుగు: అరగంటను ఎలా వాడాలి

వరస ముఖ్యం. ముందు రచన చదవండి, తర్వాతే రచయిత గురించి. తలకిందులుగా చేస్తే జీవితచరిత్రలోని ఆసక్తిలో పడి అరగంట గడిచిపోతుంది, రాయడం మిగిలిపోతుంది. పది నిమిషాలు చదవడం, అందులో కొంత బయటికి వినబడేలా. ఐదు నిమిషాలు ఒకే ఒక వాక్యాన్నో పాదాన్నో విప్పి చూడటం. మిగిలిన పావుగంట రాయడం.

విప్పి చూడటం అంటే ఎలాగో చూపిస్తాను. గురజాడ వర్ధంతి నవంబరు 30. ముత్యాల సరాలు అనే ఆయన ఛందస్సు నడకలో ఒక పాదం: "మంచి అన్నది పెంచుమన్నా". పొట్టి అక్షరం పలికేంత కాలం ఒక మాత్ర, పొడుగు అక్షరానికి రెండు; సున్నా ఉన్న అక్షరమూ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరమూ పొడుగు కిందే లెక్క. మంచి, మూడు మాత్రలు. అన్నది, నాలుగు. పెంచు, మూడు. మన్నా, నాలుగు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. వేళ్ల మీద తాళం వేస్తూ చదవండి. పద్నాలుగు మాత్రల పాదాలు మూడు నడిచాక నాలుగో పాదం కొంచెం ముందే ఆగుతుంది. ఆ ఆగడం వల్లే చివరి మాట చెవిలో నిలుస్తుంది. ఇప్పుడు మీ మాటలతో: "రైలు వచ్చెను ఊరు కదిలెను". రైలు, మూడు. వచ్చెను, నాలుగు. ఊరు, మూడు. కదిలెను, నాలుగు. కుదిరింది. ఇలాంటివి మూడు రాసి, నాలుగోది కురచగా ముగించండి. అర్థం గొప్పగా ఉండాల్సిన పని లేదు. వచన కవిత్వమో, కథో రాసేవాళ్లకూ ఇది పనికొస్తుంది. ఈ నడక ఒకసారి చేతికి వస్తే వచనంలో కూడా పొడుగు వాక్యాల వెంట పొట్టి వాక్యాన్ని ఎక్కడ దింపాలో తెలుస్తుంది.

కొన్ని రోజులు రూపాన్ని అరువు తెచ్చుకోండి. అక్టోబరు 6న పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ (1896) 'శారద లేఖలు' పేరుతో స్త్రీల సమస్యలను ఉత్తరాలుగా గృహలక్ష్మి పత్రికలో రాశారు. వ్యాసం రాయాలనిపించే విషయాన్ని ఆ రోజు ఒక స్నేహితురాలికి ఉత్తరంగా రాయండి. వ్యాసంలో దొర్లే బరువు మాటలు ఉత్తరంలో వాటంతట అవే రాలిపోతాయి.

ఒక రోజు తప్పితే వదిలేయండి. మర్నాడు రెండు పేజీలు చేసే ప్రయత్నం వద్దు. ఆ తేదీ వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది.

ఏడో అడుగు: ఖాళీ పేజీలు, మీ ఊరి రచయితలు

ఏడాది గడిచాక కూడా సగానికి పైగా పేజీల పైభాగం ఖాళీగానే ఉంటుంది. వాటిని ఎక్కడెక్కడి పేర్లతోనో నింపే తొందర వద్దు. అవి మీ ఊరివాళ్లకు వదలండి. బడిలో తెలుగు చెప్పి, అవధానం చేసి, రెండు శతకాలు సొంత ఖర్చుతో అచ్చువేసుకుని వెళ్లిపోయిన మాస్టారు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. హరికథలు అల్లినవారు, యక్షగానం రాసినవారు, బతుకమ్మ పాటలకు కొత్త చరణాలు కట్టిన అమ్మమ్మలు ఉంటారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి స్థానిక రచయితల పుస్తకాలున్న అర అడగండి. పుస్తకం దొరికితే అట్ట లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం, ప్రెస్సు పేరు, ముందుమాట కింద వేసిన తేదీ రాసుకోండి. ముందుమాట కింది తేదీ చాలామంది చూడరు. ఎంతోమంది రచయితల విషయంలో మనకు మిగిలిన ఒకే ఒక కచ్చితమైన తేదీ అదే.

కుటుంబాన్ని కలిసినప్పుడు పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. "ఎక్కడ కూర్చుని రాసేవారండీ? ఏ వేళ రాసేవారు? ముందు ఎవరికి చదివి వినిపించేవారు?" అని అడగండి. తేదీ చెప్పలేనివాళ్లు కూడా ఇవి తడుముకోకుండా చెబుతారు. రాతప్రతులుంటే వాళ్ల అనుమతితో అక్కడే ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంటికి తెచ్చుకోవద్దు.

ఈ పని ఎందుకంత అవసరమో జూన్ 4 పేజీ చూస్తే తెలుస్తుంది. సమగ్రాంధ్ర సాహిత్య చరిత్రను సంపుటాలుగా రాసిన ఆరుద్ర 1998లో, తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టిన కాళీపట్నం రామారావు 2021లో, ఇదే రోజున కన్నుమూశారు. ఇద్దరూ స్వయంగా పెద్ద రచయితలు. ఇద్దరూ తమ రాతకు కేటాయించగల ఏళ్లను ఇతరుల రాతలు వెతకడానికి, భద్రపరచడానికి ఇచ్చారు. జూన్ 4న మీ సొంత రచన పక్కన పెట్టండి. మీకు నచ్చి, ఎవరూ మాట్లాడని ఒక కథనో కవితనో తీసుకుని, ఎవరు రాశారు, ఎక్కడ, ఎప్పుడు అచ్చయింది, అందులో ఏముంది అన్నవి పది వాక్యాల్లో రాయండి. వివరాలు సరిచూసుకుని, ఆ రచయిత మన మధ్యనే ఉంటే ఆ పది వాక్యాలనూ వారికే పంపండి.